పెట్రోల్ వాసనకి ‘పాత బండి కదా’ అనేది జవాబు కాదు

ఆర్ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. అదే ఏడాది మైసూరులో యెజ్దీ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. అంటే మన పార్కింగ్‌లో కనిపించే ఈ బండ్లన్నీ మనకంటే వయసులో పెద్దవే. తాతయ్యదో, బాబాయిదో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదో. వాటిమీద ప్రేమ ఉండటం బాగానే ఉంది. కానీ దగ్గరికెళ్తే గుప్పుమనే పెట్రోల్ వాసనని కూడా ఆ ప్రేమలో కలిపేసి, “వింటేజ్ అన్నాక ఆ మాత్రం ఉంటదిరా” అనడం మాత్రం నాకు నచ్చదు.

ఫుల్ ట్యాంక్ కొట్టించాక కాసేపు వాసన రావడం మామూలే, మూతకి గాలి రంధ్రం ఉంటుంది కాబట్టి. రోజూ పొద్దున్నే వస్తోందంటే మాత్రం లీకే. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా నేలమీద పాకుతుంది, సెల్లార్‌లో మూలల్లో చేరుతుంది. గాలిలో అది ఒకటిన్నర శాతం ఉన్నా చాలు, ఒక్క స్పార్క్‌కి అంటుకుంటుంది. అక్కడ నీ బండి ఒక్కటే ఉండదు, పైన గదుల్లో జనం పడుకుని ఉంటారు. అందుకే ఇది “నా బండి, నా ఇష్టం” అనే విషయం కాదంటున్నాను.

పైగా ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఈ బండ్లు తయారైన రోజుల్లో ఆ ఊసే లేదు. ఇథనాల్‌కి పాత రబ్బరు ఉబ్బుతుంది, తర్వాత ఎండి పగులుతుంది. అది తేమని కూడా పీల్చుకుంటుంది కాబట్టి, వాడకుండా నిలబెట్టిన బండి ట్యాంకులో తుప్పు పడుతుంది. ఆ తుప్పు రజనే కార్బురేటర్‌లోకి దిగి నీడిల్ దగ్గర ఇరుక్కుంటుంది.

లీకు వెతకడం పెద్ద విద్యేం కాదు. బండిని ఆరుబయట పెట్టి, ఇంజిన్ చల్లారాక, అంతా పొడిగా తుడిచి కింద న్యూస్‌పేపర్ పరవండి. ట్యాప్ ఆఫ్‌లో ఉన్నా తడి పడుతోందంటే ట్యాంకు అతుకులో, ట్యాప్ వాషర్లో చూడాలి. ఆన్ చేశాకే ఓవర్‌ఫ్లో పైపు కారుతోందంటే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోవట్లేదు. ఫ్లోట్ విప్పి చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ చప్పుడైతే దానికి చిల్లు పడినట్టే. బుల్లెట్ లాంటి నాలుగు స్ట్రోకుల బండైతే ఇంజిన్ ఆయిల్ కూడా వాసన చూడండి. కార్బురేటర్ పొంగి పెట్రోల్ అందులో కలిస్తే ఆయిల్ పలచబడి బేరింగులు పోతాయి.

ట్యాంకు చిల్లుకి సబ్బు రుద్దే చిట్కా మనందరికీ తెలుసు. ఇల్లు చేరడానికి అది పనికొస్తుంది, ఆర్నెల్లు నడపడానికి కాదు. ఖాళీ ట్యాంకే కదా అని వీధి చివర వెల్డింగ్ పెట్టించడం ఇంకా ఘోరం. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే లోపలంతా గాలి, ఆవిరి కలిసి పేలడానికి సిద్ధంగా ఉంటాయి. ఆవిరి పూర్తిగా పోయేలా కడిగి చేసే అనుభవం ఉన్నవాళ్ళకే ఆ పని ఇవ్వాలి.

“డబ్బుల్లేవు మావా” అనే మాట కూడా నేను ఒప్పుకోను. కొత్త పెట్రోల్ పైపు, రెండు క్లిప్పులు, ట్యాప్ వాషర్లు కలిపినా ఒక ఫుల్ ట్యాంక్ ఖర్చు కాదు. సైలెన్సర్‌కీ స్టిక్కర్లకీ వేలు పెట్టేవాళ్ళం, దీనికి వెనకాడటం ఏంటి? థర్మోడైనమిక్స్ పరీక్షలో ఆవిరి పీడనం గురించి రెండు పేజీలు రాసేవాళ్ళం కూడా మనమే. ఈ ఆదివారం కొత్త స్టిక్కర్ వేయించే ముందు, ఆ పైపుని ఒకసారి వేళ్ళతో వంచి చూడండి. పగుళ్ళు కనిపిస్తే ఆ రోజే మార్చండి. అప్పటిదాకా బండిని సెల్లార్‌లో పెట్టకండి, ప్లీజ్.