గల్ఫ్ కాల్స్ సంగతి కూడా మాట్లాడండి

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి గారికి,

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్ పోయినవాళ్లు ఇంటికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టగలరు, కాల్ చేయలేరు. యూఏఈలో వాట్సాప్ ఆడియో, వీడియో కాల్స్ బంద్. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే దిక్కు. అదే యాప్ ఇక్కడ ఇంట్లోనూ ఉండాలి. వాట్సాప్ ఒక్కటే తెలిసిన తల్లికి అది ఎవరు ఎక్కించాలి, ఎవరు నేర్పాలి? అందుకే డ్యూటీ దిగి లేబర్ క్యాంపుకు చేరిన కొడుకు వాయిస్ మెసేజ్ పెడతాడు. "తిన్నవా బిడ్డా?" అని అమ్మ జవాబు పంపేసరికి అతను నిద్రపోయి ఉంటాడు. మామూలు ఐఎస్‌డీ కాల్ చేద్దామంటే కూలీ జీతానికి భారం. వీపీఎన్‌తో దొడ్డిదారి పట్టి దొరికితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలు. అంత సొమ్ము అతను జన్మలో చూడడు.

సౌదీ 2017లోనే ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధం సడలించింది. యూఏఈతో మనకు 2022 మే నుంచి ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం అమల్లో ఉంది. ఆ ఒప్పందంలో బంగారం సుంకాల మీద బేరమాడగలిగిన మన అధికారులు ఈ మాట ఎత్తలేరా? యూఏఈతో వచ్చే చర్చల ఎజెండాలో దీన్ని చేర్చండి.

ఇట్లు,
ఒక గల్ఫ్ కార్మికుడి అన్న