కుయ్ కుయ్‌మంటే సేఫ్టీ అయిపోతుందా?

గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాలు తగ్గాలంటే ఏం చెయ్యాలి అని అడిగి చూడండి. వచ్చే మొదటి సమాధానం: ఇంకో అలారం పెట్టండి. రెండోది: ఇంకో లైటు పెట్టండి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

సాఫ్ట్‌వేర్ వాడికి ఫోర్క్‌లిఫ్టులతో పనేంటంటారా? ఈ జబ్బు మనకి తెలిసిందే కాబట్టి. ఆన్‌కాల్‌లో రోజుకి నాలుగొందల అలర్టులొస్తే ఏం చేస్తాం? ఫిల్టర్ పెట్టి ఓ ఫోల్డర్లోకి తోసేస్తాం. నిజంగా సర్వర్ పడిపోయిన రోజు ఆ అలర్ట్ కూడా అందులోకే పోతుంది. అచ్చంగా 'నాన్నా పులి' కథ. గోదాములో రోజంతా తిరిగే మనిషి చెవి కూడా అదే ఫిల్టర్ పెట్టుకుంటుంది. తేడా అల్లా, మనకి పోయేది సర్వరు, అతనికి పోయేది కాలు.

రివర్స్ అలారం సంగతే చూడండి. కారు రివర్స్‌లో నడిచేది పార్కింగులో, ఆ కాసేపే. ఫోర్క్‌లిఫ్ట్ అలా కాదు. ముందున్న సరుకు దారికి అడ్డంగా ఉంటే బండిని వెనక్కే నడపాలి. అమెరికా ఓషా నిబంధన కూడా ఆ మాటే చెప్తుంది. అంటే పెద్ద పెద్ద సరుకులు మోసే చోట షిఫ్టులో సగం సేపు మోత మోగుతూనే ఉంటుంది. అలాంటివి పది బండ్లు ఒకే షెడ్డులో తిరుగుతుంటే ఎవరి అరుపు వినాలి? పైగా ఒకే స్వరంలో వచ్చే బీప్ ఏ దిక్కునుంచి వస్తోందో పోల్చుకోవటం చెవికి కష్టం. గోడలకీ రేకులకీ కొట్టుకుని తిరిగొస్తుంది కూడా. అందుకే రకరకాల ఫ్రీక్వెన్సీలు కలిపి 'బుస్ బుస్' మనే వైట్ నాయిస్ అలారాలొచ్చాయి. దిక్కు తెలుస్తుంది. చుట్టూ ఉన్న మోతని బట్టి తన స్థాయి తనే మార్చుకునే రకాలూ ఉన్నాయి. కొనేవాళ్ళు ఇవేవీ అడగరు. "ఎన్ని డెసిబెల్స్? ఎంత రేటు?" అంతే.

ఎందుకయ్యా అంటే "చట్టం అడుగుతోంది" అంటారు. ఆ ఓషానే మామూలు గోదాముల్లో తిరిగే ఫోర్క్‌లిఫ్టులకి రివర్స్ అలారం తప్పనిసరి అనలేదు. తయారీదారు బిగించి ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు పీకెయ్యకూడదు, అంతే. అది గట్టిగా అడిగేది వేరు: దారులు కలిసేచోట, ఎదురు కనపడనిచోట డ్రైవరు నెమ్మదించి హారన్ కొట్టాలి. హారన్‌కి అర్థం ఉంది. ఓ మనిషి చూసి, అవసరమనుకుని కొట్టేది. ఊరికే మోగే బీపర్‌కి ఆ అర్థం లేదు.

సరే, నీలం లైటు. నేల మీద బండికి కొన్ని మీటర్ల ముందు ఓ చుక్క పడుతుంది. మంచి ఆలోచనే, మలుపు చాటునుంచి బండికన్నా ముందు చుక్క వస్తుంది. కానీ లెక్క వేద్దాం. చుక్క 4 మీటర్ల ముందు పడుతోందనుకోండి. బండి గంటకి 10 కిలోమీటర్ల వేగంతో వస్తే, చుక్క కనపడ్డాక మీ చేతిలో ఉన్నది 1.4 సెకన్లు. తలెత్తి 'అదేంటి' అనుకునేలోపు అయిపోతుంది. అదే బండి 6 కిలోమీటర్లతో వస్తే 2.4 సెకన్లు. లైటు మార్చకుండా, పైసా ఖర్చు లేకుండా ఒక సెకను దొరికింది. ఎండలో ఆ చుక్క సరిగ్గా కనపడనే కనపడదు. 2.5 టన్నులు ఎత్తే బండి సరుకుతో కలిపి ఆరు టన్నుల పైమాటే. ఆ బరువు చుక్కని చూసి ఆగదు కదా.

మరి వేగం ఎందుకు తగ్గించరు? గంటకి ఎన్ని పాలెట్లు అని స్క్రీను మీద ఆకుపచ్చగా చూపించే డాష్‌బోర్డు ఉంది. అది మన జాతి రాసిందే. వేగం తగ్గితే ఆ అంకె ఎర్రబడుతుంది. లైటు కొంటే ఎర్రబడదు. అదీ అసలు కథ.

ఇంకో లాభం కూడా ఉంది. ప్రమాదం జరిగాక "అలారం మోగింది, అతనే వినలేదు" అని రిపోర్టు రాసుకోవచ్చు. అలారం మనిషిని కాపాడకపోయినా మేనేజర్ని కాపాడుతుంది.

వరస ఇలా ఉండాలంటాను. ముందు మనుషుల దారి, బండ్ల దారి వేరు చెయ్యండి, మధ్యలో గట్టి రెయిలింగ్, నడిచేవాళ్ళకి వేరే తలుపు. తర్వాత వేగానికి కళ్ళెం, మలుపుల్లో అద్దాలు. ఆ తర్వాత మిగిలిన ప్రమాదం ఏంటో చూసి, దానికి తగ్గది కొనండి. మలుపు దగ్గరైతే నీలం చుక్క. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగేది వెనక చక్రాలతో కాబట్టి మలుపులో తోక బయటికి ఊగుతుంది, దానికి పక్కల ఎర్ర గీత. మనుషులు తప్పనిసరిగా దగ్గరకొచ్చే చోట, మనిషి వచ్చినప్పుడే మోగే సెన్సరు.

ఎవరూ లేనప్పుడు నోరు మూసుకుని ఉండేదే అలారం. మిగతాదంతా మోత. ఆ మోతకి బిల్లు కట్టేది కంపెనీ కావచ్చు గానీ, మూల్యం కట్టేది మాత్రం కాంట్రాక్టు మీద పనికొచ్చిన కుర్రాడు.