బీరువాలో వెండిపురుగు

గంజి పెట్టి మడిచిన నూలుచీరను నాలుగు నెలల తరువాత విప్పితే, మడత దగ్గర గీకినట్లు పలచబడి, అక్కడక్కడ చిల్లులు పడి వుంటుంది. చాలామంది గృహిణులు యిది చెదల పని అనుకొంటారు. చెదలైతే మట్టి కనిపించాలి కదా! బీరువా తలుపు తీయగానే తళుక్కుమని మెరిసి, చేపలాగా మెలికలు తిరుగుతూ చీకట్లోకి జారిపోయే రెక్కలు లేని పురుగును మీరు చూసే వుంటారు. సిల్వర్‌ఫిష్ అంటే అదే. వెండిపురుగు అందాం.

అది కుట్టదు, రోగాలు తేదు. దాని తిండి గంజి, పుస్తకాల అట్టలకు రాసిన మైదాజిగురు, కాగితం. తిండి లేకపోయినా నెలల తరబడి బతకగలదు. గాలిలో తేమ తగ్గితే మాత్రం నిలవలేదు.

సుమారు 900 మీటర్ల ఎత్తున వున్న అరకులోయలో వానలు వెనకబట్టాయనుకొనేసరికి పొగమంచు దిగుతుంది. విశాఖపట్నం నుంచి ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్ళే కుటుంబాలు స్వెట్టర్లు కొనుక్కుంటారు గాని, బీరువాను గోడకు ఆనించకూడదన్న సంగతి తలచరు. జానెడు ఎడం వుంచండి. ఎండ కాసిన రోజున తలుపులు బార్లా తెరవండి. దాచే చీరలకు గంజి పెట్టకండి. కట్టుకొనే ముందు పెట్టుకోవచ్చు. ఆ కొండల్లో విత్తనపు మొక్కజొన్న పొత్తులను పొయ్యి పైన వేలాడదీస్తారు. వేడికీ పొగకూ తేమ పోతుంది, పురుగు చేరదు. చీరల్ని పొగలో కట్టలేము గాని, సూత్రం అదే.

అక్కడి ఆదివాసీ కుటుంబాలకు చీరకన్న విలువైనవి కాగితాలు. 2006 అటవీహక్కుల చట్టం కింద వచ్చిన పోడుభూమి పట్టా, పిల్లవాడి కులధ్రువపత్రం, పదో తరగతి మార్కుల పత్రం అన్నీ ఒకే ట్రంకుపెట్టె అడుగున వుంటవి. నకలు కోసం పాడేరు దాకా తిరగవలసివస్తే ఎన్ని రోజుల కూలి పోవాలి! అటువంటి కాగితాలను బాగా ఆరనిచ్చి, గట్టిగా మూతపడే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పెట్టెను నేలమీద కాక బల్లమీద వుంచడం మేలు. చెమ్మతోనే మూస్తే బూజు పడుతుంది.

కలరా వుండలు సులభమే గాని, పసిపిల్లల బట్టల్లో వద్దే వద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జి-6-పి-డి అనే ఎంజైము లోపం వుంటుంది. ఆ వుండల ఘాటు పట్టిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు విరిగి కామెర్లు రావచ్చు. బోరిక్ పొడి వాడేవారు పిల్లల చేతికి అందని సందుల్లో మాత్రమే చల్లాలి.

ముందు పురుగు ఎక్కడ వుందో తెలియాలి. ఒక గాజుసీసాకు వెలుపల గరుకుగుడ్డ చుట్టి, లోపల చిటికెడు గోధుమపిండి వేసి, రాత్రి బీరువా పక్కన పెట్టండి. గుడ్డ పట్టుకొని ఎక్కిన పురుగు లోపల పడుతుంది. నున్నటి గాజు మీద మళ్ళీ పైకి పాకలేదు. మొదటి రాత్రి ఏమీ పడకపోతే, మరునాడు సీసాను స్నానాలగది గోడవైపు మార్చి చూడండి.