గడియ లేని వైద్యశాలలు

వైద్యశాలపై దాడి జరిగినపుడెల్ల మన ప్రభుత్వములు ఒక చట్టమును తెచ్చును. దాడి మరల జరుగును. ఉన్న చట్టమునకు మరల పదును పెట్టును. శిక్ష పెరిగినది, జుల్మానా పెరిగినది, మంత్రుల పరామర్శలు పెరిగినవి. కాని వార్డు తలుపునకు లోపలి గడియ యున్నదా యని అడుగువారు లేరు. ఆ గడియ నెప్పుడు వేయవలయునో నర్సునకు నేర్పితిరా యని విచారించువారు లేరు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందముననున్న ఈ రక్షణవిధానమును ప్రజలు ఇంకను సహింపవలసిన పని లేదు.

మేము చెప్పబోవునది చిన్న విషయము. ఆయుధపాణియైన యొకడు వైద్యశాలలో జొరబడిన క్షణమునకును, పోలీసులు వచ్చి వానిని పట్టుకొను క్షణమునకును నడుమ కొన్ని నిమిషములు గడచును. ప్రాణములు పోవుటయు, నిలుచుటయు ఆ నిమిషములలోనే. అప్పుడు లోపలనున్నవారు తమంతట తాము చేయవలసిన పనుల క్రమమునకు పాశ్చాత్యదేశములలో లాక్‌డౌన్ అని పేరు. 2020లో కరోనా కాలమున ఊళ్లను మూసిన లాక్‌డౌన్ వేరు, ఇది వేరు. ఇది తలుపుల కట్టడి. హంతకునకును రోగికిని నడుమ ఒక మూసిన తలుపును నిలుపుటయే దీని సారము.

ఈ కట్టడి యెంత విలువైనదో మన దేశముననే ఋజువైయున్నది. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి ముంబయి ఛత్రపతి శివాజీ రైల్వేస్టేషనులో ప్రయాణికులను కాల్చిచంపిన అజ్మల్ కసబ్, అబూ ఇస్మాయిల్ అను ముష్కరులు సమీపముననున్న కామా ఆసుపత్రిలో ప్రవేశించిరి. అది స్త్రీలకును శిశువులకును ఉద్దేశింపబడిన పురాతన వైద్యశాల. కావలివారిద్దరు వారి గుండ్లకు బలియైరి. గర్భిణుల వార్డున అంజలీ కుల్తే అను నర్సు ఆ రాత్రి పనిలో నుండెను. ఆమె వార్డు తలుపులను మూసివేసెను. ఇరువదిమంది గర్భిణులను చివరనున్న చిన్న వంటగదిలోనికి చేర్చెను. దీపము లార్పెను. వారిలో నొకామెకు నొప్పులు రాగా గోడ వెంబడి మెల్లగా నడిపించి ప్రసవపు గదికి చేర్చెను. పై అంతస్తున సదానంద దాతే నాయకత్వమున పోలీసులు ముష్కరుల నెదిరించి పోరిరి. వారిలో కొందరు అచటనే ప్రాణము లర్పించిరి. ఇంత ఘోరము జరిగిన భవనముననే ఆ గర్భిణులు సురక్షితముగా తెల్లవారుట చూచిరి. ఆ నర్సు తరువాత న్యాయస్థానమున కసబును గుర్తించి సాక్ష్యము చెప్పెను. 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి తన యనుభవమును వినిపించెను.

ఆమెను మనము కొనియాడితిమి. కొనియాడి ఊరకుంటిమి. మన జాతికి గల పెద్ద దుర్గుణ మిదియే: వీరుని పూజింతుము, వీరుడు చేసిన పనిని మాత్రము నేర్చుకొనము. ఆ రాత్రి ఆమె చేసిన పనులను లెక్కించి చూడుడు. తలుపు మూయుట, దీప మార్పుట, రోగులను తలుపునకు ఎదురుగా లేనిచోటికి చేర్చుట, నిశ్శబ్దముగా నుంచుట. ఈ నాలుగింటిలో అసాధ్యమైనది ఒక్కటియు లేదు. ఏ పల్లెటూరి ఆసుపత్రిలోని నర్సునకైనను ఒక పూటలో నేర్పవచ్చును. నేర్పినవి యెన్ని? ఆమె సాహసము ఆమె సొత్తు. ఆ సాహసము లేనివారి వార్డులోని రోగుల గతి యేమి? ధైర్యవంతురాలు పనిలో నున్న రాత్రి బ్రతుకుటయు, లేని రాత్రి చచ్చుటయు రోగి యదృష్టమునకు విడువదగిన విషయమా?

కామా నాటినుండి నేటివరకు జరిగినవి చూతము. 2023 మే 10వ తేదీన కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆసుపత్రికి గాయమునకు కట్టు కట్టింప పోలీసులే తోడ్కొని వచ్చిన యొకడు, అచటి శస్త్రచికిత్సపు కత్తెరనే చేబూని పలువురిని పొడిచెను. తప్పించుకొనలేకపోయిన యువ వైద్యురాలు ప్రాణములు కోల్పోయెను. 2024 నవంబరు 13వ తేదీన చెన్నపట్టణమున గిండీలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక రోగి కుమారుడు క్యాన్సరు వైద్యుని కత్తితో పొడిచెను. 2025 జూలై 17వ తేదీన పాట్నాలోని యొక ప్రైవేటు ఆసుపత్రిలో అయిదుగురు పిస్తోళ్లతో నడచివచ్చి, చికిత్సలోనున్న ఖైదీని అతని గదిలోనే కాల్చిచంపి నడచిపోయిరి. నడవలో వారు పిస్తోళ్లను తీయుట కెమెరాలో స్పష్టముగా కనబడినది. కెమెరా చూచినది, తలుపు మూతపడలేదు. మన సికిందరాబాదు గాంధీ ఆసుపత్రి అత్యవసరవిభాగమున 2024 సెప్టెంబరులో ఒక రోగి మహిళా వైద్యురాలిపై చేయిచేసికొనెను. వాని చేత కత్తి లేకపోవుట మన యేర్పాటుల గొప్పతనము కాదు, మన యదృష్టము.

ఇక చట్టముల మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే వైద్యసేవకులపై హింసను నిరోధించు చట్టమును చేసెను. మూడు సంవత్సరముల కారాగారము, ఏబదివేల రూపాయల జుల్మానా విధింపవచ్చునని అందు గలదు. కొట్టారక్కర ఘటన పిదప కేరళ ప్రభుత్వము తీవ్రమైన గాయములు చేసినవానికి ఏడు సంవత్సరములవరకు శిక్షను పెంచెను. కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రి దారుణము పిదప, 2024 ఆగస్టులో, దాడి జరిగిన ఆరుగంటలలోగా సంస్థాధిపతి పోలీసులకు ఫిర్యాదు చేయవలయునని కేంద్రము ఉత్తర్వు చేసెను. అదే నెలలో సుప్రీముకోర్టు జాతీయ కార్యదళమును నియమించెను. ప్రత్యేక కేంద్రచట్టము అవసరము లేదనియు, ఉన్న చట్టములు చాలుననియు ఆ దళము అభిప్రాయపడెను.

మంచిది. చట్టమునకు కొరత లేదని పెద్దలే చెప్పినారు. మరి కొరత దేనికి? ఆరుగంటలలో ఫిర్యాదు వ్రాయుట కెవరు బాధ్యులో ఉత్తర్వులో గలదు. ఆరునిమిషములలో తలుపు మూయుట కెవరు బాధ్యులో ఏ గోడమీద వ్రాసియున్నది? ఉన్మత్తుడు చట్టము చదివి కత్తి దూయడు. చావ నిశ్చయించుకొని వచ్చిన ముష్కరుడు జుల్మానాకు వెరవడు. శిక్షాస్మృతి హంతకునితో మాటాడును, అదియు హత్య జరిగిన పిదప. నర్సుతో, వార్డుబాయితో, కావలివానితో ముందుగా మాటాడునట్టి శాసనము మనకు కావలయును.

కొందరు సాయుధులైన పోలీసులను ఆసుపత్రి వాకిట నిలిపిన చాలుననుచున్నారు. కొట్టారక్కరలో హంతకుని వెంట పోలీసులే యుండిరి గదా! కామాలో మొదట కూలినవారు కావలివారే గదా! కావలి అక్కరలేదని మేమనము. కాని కావలివాడు వాకిట నొక్కచోట నుండును. ఆపద ఏ మెట్లమీదనైన రావచ్చును. వాకిలి తప్పినపుడు రెండవ కోట వార్డు తలుపే.

మరికొందరు ధర్మబుద్ధితో ఆక్షేపింతురు. వైద్యశాల దీనజనులకు నట్టిల్లు వంటిది. తలుపులు మూసెదమన్నచో బీదవానినే గెంటివేయుదురని వారి భయము. ఈ భయము నిరాధారము కాదు. భద్రత యను పేర రోగి తల్లిని వాకిట నిలిపి, చేయి తడిపినవానిని లోనికి విడుచు ద్వారపాలకులను మన మెరుగుదుము. కావుననే స్పష్టముగా చెప్పుచున్నాము: నిత్యము మూసియుంచు తలుపు మాకు వలదు, నిమిషములో మూయదగిన తలుపు కావలయును. బిడ్డను పోగొట్టుకొని గుండె బాదుకొను తండ్రిని ముష్కరునిగా చూచి గడియ వేయుట కట్టడి కాదు, క్రౌర్యము. ఆయుధము కనబడినపుడు, కాల్పు వినబడినపుడు మాత్రమే ఈ విధి. మరియు అందరును మరచు సంగతి యొకటి గలదు. హంతకుడు జొరబడిన దినమున డాక్టరు పరుగెత్తగలడు, మంత్రిగారి బంధువు పరుగెత్తగలడు. పరుగెత్తలేనిది మంచము పట్టిన బీదరోగియే. తలుపుల కట్టడి యెవరికన్న ముందుగా వాని హక్కు.

ఈ కారణముననే వైద్యశాల కట్టడి బడికిని బజారునకును చెప్పు కట్టడివంటిది కాదు. అమెరికాలో సామాన్యజనులకు చెప్పు సూత్రము మూడు మాటలు: పరుగెత్తుము, దాగుము, పోరాడుము. పొట్ట కోసి బల్లమీద నున్న రోగిని విడిచి శస్త్రవైద్యుడెట్లు పరుగెత్తును? ఊపిరియంత్రముపై నున్నవానిని ఎక్కడ దాచుదురు? నెలలు నిండని శిశువులున్న గాజుపెట్టెలను మోసికొని ఎవరు పారిపోవుదురు? అందుచేత 2018లో అచటి వైద్యులు కొందరు ఇట్టి విభాగములకు వేరు సూత్రమును ప్రతిపాదించిరి: తలుపు బిగింపుము, రోగి ప్రాణమునకు అవసరమైన చికిత్సను నిలుపుము, తప్పనిసరియైననే పోరాడుము. బయటి చికిత్సా విభాగమున గుమిగూడిన జనమును దగ్గరి దారిన వెలుపలికి పంపుట. కదలలేనివారి గదులను లోపలినుండి బిగించుట. ఈ రెండు పనులు ఏకకాలమున జరుగవలయును. ఎవరు పోవలయునో, ఎవరు నిలువవలయునో ముందే తేల్చియుంచని వైద్యశాలలో, ఆపద వచ్చినపుడు అందరును మెట్లమీద నొకరినొకరు త్రొక్కుకొందురు.

మన వైద్యశాలలు చేయవలసిన పని యిది. ఆయుధమును చూచిన యెవరైనను, ఊడ్చు ఆమెయైనను సరే, హెచ్చరిక యిచ్చు నధికారము కలిగియుండవలయును. సూపరింటెండెంటుగారి యనుమతికై ఎదురుచూచులోపల వార్డు శ్మశానమగును. ఆ హెచ్చరిక ఎవరికిని తెలియని సంకేతపదము కాక, ఎచట ఏమి జరిగినదో తెలుపు తేటతెలుగు వాక్యమై యుండవలయును. ప్రతి వార్డునకు, శస్త్రచికిత్సాగృహమునకు, ప్రసవపు గదికి లోపలినుండి పడు గట్టి గడియ యుండవలయును. గడియ పడిన పిదప దీపము లార్పి, ఫోనుల మ్రోత నాపి, మంచములను తలుపునకు అడ్డుగా నిలుపవలయును. వెలుపలినుండి ఎవరెంత బ్రతిమాలినను, ముందే నిర్ణయించిన గుర్తు లేనిదే తలుపు తీయరాదు. వచ్చిన పోలీసులకు భవనపు పటమును, తాళపుచెవులను అందించువా డొకడు నియమితుడై యుండవలయును.

ఇచట నొక హెచ్చరిక. గడియ అనగానే వెలుపలినుండి తాళము బిగించు ప్రబుద్ధులు మనలో నున్నారు. 2011 డిసెంబరులో కలకత్తా ఆమ్రీ ఆసుపత్రి అగ్నిప్రమాదమున తొంబదికి పైగా ప్రాణములు పోయినవి. పొగ నిండిన గదులనుండి వెలుపడలేక రోగులు మంచములమీదనే చనిపోయిరి. 2024 నవంబరులో ఝాన్సీ వైద్యకళాశాల శిశువిభాగమున పసికందులు మంటలకు బలియైరి. హంతకుని ఆపిన తలుపే అగ్నిలో రోగిని బంధింపరాదు. వెలుపలినుండి తెరువరానిదియు, లోపలినుండి ఒక్క త్రిప్పుతో తెరచుకొనునదియు నైన గడియ కావలయును. అట్టివి బజారులో దొరకుచున్నవి. మన వడ్రంగులు అమర్పగలరు.

డబ్బు లేదందురా? ప్రవేశద్వారమునకు పాలరాతి ఫలకము చెక్కించి మంత్రిగారి పేరు బంగారు పూతతో వ్రాయించుటకు డబ్బున్నది. ఆ ఫలకమున కయిన వెచ్చముతో ఒక వార్డునకు గడియలు వేయవచ్చును. పైగా కట్టడిలో ముఖ్యభాగము అభ్యాసము. దానికి కావలసినది డబ్బు కాదు, శ్రద్ధ. ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకటి రాత్రివేళ, రోగులకు ముందుగా చెప్పి వారికి భీతి కలుగకుండ చేయించిన చాలును. ఆ యభ్యాసమునకు ఒప్పంద కూలిపై పనిచేయు వార్డుబాయిలను, పారిశుద్ధ్యపు పనివారిని, కావలివారిని తప్పక పిలువవలయును. అర్ధరాత్రి వార్డులో నుండువారు వారే. జీతపు పట్టీలో వారి పేరు కాంట్రాక్టరు క్రింద నున్నంతమాత్రమున వారి ప్రాణము కాంట్రాక్టరుది కాజాలదు.

పాఠకులారా, ఇది డాక్టర్లకును ప్రభుత్వమునకును నడుమ జరుగు వివాదమని ఉపేక్షింపకుడు. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో, హైదరాబాదు ఉస్మానియాలో, గుంటూరు, కాకినాడ వైద్యశాలలలో ఈ రాత్రి పరుండియున్నవారు మన తల్లులు, మన బిడ్డలు. ప్రభుత్వ వైద్యశాలలకు అభివృద్ధి సంఘములు గలవు. వాని సమావేశములలో మీ ప్రతినిధులు కూర్చుండుచున్నారు. వారిని రెండే ప్రశ్న లడుగుడు: ప్రసవపు గదికి లోపలి గడియ గలదా? దానిని వేయు నభ్యాసము కడపట చేసిన తేదీ యేది? తేదీ చెప్పలేనివాడు భద్రతను గూర్చి ఉపన్యసింప నర్హుడు కాడు. ప్రైవేటు వైద్యశాలలకు అగ్నిరక్షణ యేర్పాట్లను నిర్బంధించు ప్రభుత్వము ఈ కట్టడిని గూడ అనుమతిపత్రమున షరతుగా చేర్పవలయును.

మరణించిన వైద్యుల చిత్రపటములకు పూలమాలలు వేయుట మనకు బాగుగా వచ్చును. ఇకనైన ఆ చేతులతో తలుపునకు గడియ వేయుట నేర్తుము గాక.