వీపున సీసం, ట్యాంకులో గంధకం

మిరపతోటకు బూడిద తెగులు తగిలిందంటే మాచర్లలోనైనా గురజాలలోనైనా పురుగుమందుల కొట్టులో ముందు చేతికొచ్చేది గంధకం పొట్లం. లీటరు నీళ్ళకు 3 గ్రాములు కలిపి, చార్జింగ్ పంపులో పోసి, వీపుకు తగిలించుకుని సాళ్ళ వెంట నడుస్తారు. ఆ పంపు అడుగున బ్యాటరీ ఉంటుంది. చాలా పంపుల్లో అది సీసంతో చేసిందే: 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్లు, రెండున్నర కిలోల బరువు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ నాన్న వీపు మీది ఆ సీసాన్నీ, అదే పంపు ట్యాంకులో తొణుకుతున్న గంధకాన్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కిలోకు 400 వాట్-అవర్లు ఇచ్చే లిథియం-గంధకం సెల్ ప్రయోగశాలల్లో ఇప్పటికే ఉంది. ఆ లెక్కన పంపుకు కావలసిన కరెంటంతా పావుకిలోలో ఇమిడిపోతుంది. మోస్తున్నది సీసం, చల్లేస్తున్నది గంధకం!

గాలి లెక్క కాదిది. గంధకం పరమాణు భారం 32. ఒక్కో పరమాణువు రెండేసి లిథియాలను పట్టుకుంటుంది. ఫోన్ బ్యాటరీల్లో వాడే లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ అంతకు మూడింతల బరువుండి, తనలోని ఒక్క లిథియాన్ని కూడా పూర్తిగా వదలదు. అందుకే సిద్ధాంతం ప్రకారం గ్రాము గంధకం 1675 మిల్లీఆంపియర్-అవర్లు దాచగలిగితే, కోబాల్ట్ ఆక్సైడ్‌ది 274 దగ్గరే ఆగింది. వోల్టేజీలో గంధకం వెనకబడుతుంది, 2.1 దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ తరుగు తీసేసినా లాభమే. పైగా కోబాల్ట్‌లో ఎక్కువ భాగం కాంగో నుంచి రావాలి. గంధకమంటారా, విశాఖ రిఫైనరీలో పెట్రోలు, డీజిలు శుద్ధి చేస్తుంటే పక్కన పోగుపడే సరుకు.

మరి కొట్లో ఎందుకు దొరకదు? 1962లోనే హెర్బర్ట్, ఉలామ్ అనే ఇద్దరు గంధకం బ్యాటరీ మీద పేటెంటు తీసుకున్నారు. 2010 జూలైలో జెఫైర్ అనే సౌర విమానం పగలు ఎండతో, రాత్రి గంధకం బ్యాటరీలతో రెండు వారాలు నేల దిగకుండా తిరిగింది. అయినా మన వీధిలోకి రాలేదు. చిక్కంతా ఎలక్ట్రోడ్ దగ్గరే ఉంది.

మొదటిది, గంధకం కరెంటును పోనివ్వదు. పదిహేడో శతాబ్దంలో గెరికే అనే జర్మన్ గంధకం బంతిని చేత్తో రుద్ది విద్యుత్తును పుట్టించింది ఈ గుణం వల్లే. దారి చూపడానికి దానికి కార్బన్ తోడుండాలి. రెండోది, లిథియంతో కలిసేటప్పుడు అది 80 శాతం దాకా ఉబ్బుతుంది. పిడుగురాళ్ళ పిల్లలకు దీన్ని వివరించక్కర్లేదు. బట్టీలోంచి తీసిన సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో వాళ్ళు చూసే ఉంటారు. ఉబ్బి, పగిలి, పిండవుతుంది. ఎలక్ట్రోడ్‌లో ఆ పని ప్రతి చార్జికీ జరుగుతుంటుంది. మూడోది, అసలు జబ్బు. గంధకం మధ్య దశలో పాలీసల్ఫైడ్లుగా మారి ఎలక్ట్రోలైట్‌లో కరిగి, ఎర్రటి రంగుతో జారుకుంటుంది. అవతలి లిథియం దాకా పోయి దాన్ని పాడుచేసి తిరిగొస్తుంది. సాగర్ కుడికాలువకు పైన ఎక్కడో గండి పడితే చివరి భూములకు నీరందదు చూడండి, అలాగే చార్జి చేసిన కరెంటు వాడకానికి రాకముందే దారిలో ఇంకిపోతుంది.

ఇక్కడే మీరు కావాలి. గండి పూడ్చినవాళ్ళు ఎవరో మహిమాన్వితులు కారు. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో లిండా నాజర్ బృందం 2009లో, కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలున్న కార్బన్‌లో గంధకాన్ని కరిగించి నింపి, దాన్ని అక్కడే బంధించవచ్చని చూపింది. ఆ తర్వాతే ఈ రంగం ఊపందుకుంది. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో యీ చుయ్ బృందం టైటానియం డయాక్సైడ్ గుల్లలో గంధకం గింజ పెట్టి, చుట్టూ కాస్త ఖాళీ వదిలింది. ఎండిన చింతకాయలో గింజ గలగలమన్నట్టే. ఉబ్బినా గుల్ల పగలదు. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో అరవ లీలా మోహన రెడ్డి బృందం 2015లో మరో దారి తొక్కింది. పాలీసల్ఫైడ్‌ను జైల్లో పెట్టే బదులు, ప్లాటినంలాంటి ఉత్ప్రేరకంతో దాన్ని పట్టుకుని, పారిపోయే వ్యవధి లేకుండా మార్చేయడం. ప్లాటినం మన తాహతు కాదు కదా అంటారా? 2017లో అదే బృందం చవకైన సల్ఫైడ్ పొరలతో ఆ పని చేసి చూపింది. ఆ మోహన రెడ్డి పేరు వింటేనే మనవాడని తెలుస్తోంది కదా.

ఇప్పుడు మన పొలానికి దగ్గరగా వస్తాను. టెక్సస్ యూనివర్సిటీలో మంతిరామ్ బృందం 2016లో పత్తిని కాల్చి బొగ్గు చేసి, ఆ పీచుల వలలో గంధకం దట్టించి ఎలక్ట్రోడ్ తయారు చేసింది. చదరపు సెంటీమీటరుకు 60 మిల్లీగ్రాములు దాటించింది! ఆ అరుముగం మంతిరామ్ దక్షిణ తమిళనాడులో అమరపురం అనే చిన్న పల్లెలో పుట్టినవాడు. 2019లో లిథియం-అయాన్ బ్యాటరీల మీద చేసిన పనికి గుడినఫ్‌కు నోబెల్ వస్తే, 97 ఏళ్ళ గురువు తరఫున స్టాక్‌హోమ్‌లో ఉపన్యాసం చదివింది ఆయనే. పత్తి పల్నాటికి కొత్తా? పత్తి ఏరాక మిగిలే కట్టెనూ బొగ్గు చేయొచ్చు; దాన్ని మోపులు మోపులుగా తగలబెట్టే ఊళ్ళే కదా మనవి.

కానీ ఒక హెచ్చరిక. పత్తికట్టె బొగ్గు ఎంత బాగున్నా బరువు బరువే. అదే మంతిరామ్ బృందం 2020లో అయిదు ‘అయిదులు’ గీతగా గీసింది. వాటిలో మూడు చెబుతాను: గంధకం చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీగ్రాములకు పైన, కార్బన్ 5 శాతంలోపు, మిల్లీగ్రాము గంధకానికి ఎలక్ట్రోలైట్ 5 మైక్రోలీటర్లలోపు ఉండాలి. పలచటి గంధకం పూసి, ఎలక్ట్రోలైట్ ధారగా పోసి, గొప్ప అంకెలు వేసుకున్న పరిశోధన పత్రాలు లోకంలో కొల్లలు. మీరు ఆ దారిన పోవద్దు. వచ్చిన అంకె వచ్చినట్టు రాయండి, ఇరవై సైకిళ్ళకే చచ్చిపోతే అదీ రాయండి.

పల్నాటి పిల్లలకు ఉపన్యాసమిచ్చే ప్రతివాడూ పల్నాటి యుద్ధవీరుడు బాలచంద్రుణ్ణి పిలుస్తాడు. నేను పిలవను. కారంపూడి యుద్ధభూమిలో తెగింపు ఒక్క పూటకు చాలు. ఒక సెల్‌ను నింపి దించడం రోజుకు రెండుసార్లు కుదిరితే, వెయ్యిసార్లకు ఏడాదిన్నర దగ్గర పడుతుంది. ఆ ఏడాదిన్నరా మెషీన్ ముందు విసుగులేకుండా కూర్చునే మొండితనం కోడిపందెంలో దొరకదు. కంప్యూటర్ సీటు రాలేదని ఇల్లంతా దిగులుపడే చోట, కెమిస్ట్రీ దొరికిందని మిఠాయి పంచే పిల్ల ఒక్కతె నరసరావుపేటలో కావాలి నాకు.

లిథియంతో హాస్టల్ గదిలో ఆటలు వద్దు. అది తేమ తగిలితే పాడవుతుంది, నీళ్ళు తగిలితే మండొచ్చు, ఆర్గాన్ నింపిన పెట్టెలోనే ముట్టుకోవాలి. ఆ పనికి కారైకుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ సెక్రి ఉంది, హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం, ఐఐటీ ఉన్నాయి. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌లకు దరఖాస్తు చేయండి, ఒకసారి రాకపోతే మళ్ళీ చేయండి. కానీ అక్కడికి ఉత్త చేతులతో పోవద్దు. బొగ్గు మీ డిగ్రీ కాలేజీలోనే తయారవుతుంది. మూత పెట్టి, ఆవిర్లు పోయేందుకు మూతకు సన్నటి రంధ్రం ఉంచిన డబ్బాలో కట్టె కాల్చండి, బూడిదను కడిగేయండి. ఆ బొగ్గు ఎంత అయోడిన్ పీలుస్తుందో హైపోతో టైట్రేషన్ చేసి చూడండి; మీ ప్రాక్టికల్ పుస్తకంలో ఉన్నదే. కట్టె ముదురుదా లేతదా, ఎంత వేడి, ఎంతసేపు, ఒక్కొక్కటే మార్చి పట్టిక నింపండి. ఆ పట్టిక చేతబట్టుకుని వెళ్ళే విద్యార్థిని లోపలికి పిలిచి కూర్చోబెడతారు.

గులాబీరంగు పురుగు దాక్కుంటుందని పత్తికట్టెను చేలో ఉంచొద్దంటారు వ్యవసాయశాఖవాళ్ళు. నిజమే, ఉంచొద్దు. ఈసారి ఏరివేత అయ్యాక నాన్న అగ్గిపుల్ల గీసేలోపు ఒక్క మోపు అడిగి తెచ్చుకోండి. డబ్బా మూత గట్టిగా పట్టేదై ఉండాలి, దానికి ఆవిరి పోయే సన్నటి రంధ్రమూ ఉండాలి, గుర్తుపెట్టుకోండి.