షూలెస్ జో ఇల్లు – "శాశ్వతం" అనే మాటకి ఎక్స్‌పైరీ డేట్

అట్లాంటా నుంచి షార్లెట్ వైపు ఐ-85 మీద పోయే మనవాళ్ళు చాలామందికి గ్రీన్‌విల్ అంటే మధ్యలో కాఫీకి ఆగే ఊరు. మహా అయితే డౌన్‌టౌన్‌లో జలపాతం చూసి ఫొటోలు దిగి వస్తారు. ఆ ఊళ్ళో, ఫ్లూర్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానానికి ఎదురుగా ఒక చిన్న ఇటుకల ఇల్లుంది. 1940లో కట్టింది. చూడ్డానికి రిటైరైన గుమాస్తా ఇల్లులా ఉంటుంది. అది షూలెస్ జో జాక్సన్ మ్యూజియం. ఈ ఇల్లు ఉన్నచోటనే లేదు, రెండుసార్లు కదిలింది. మూతపడి, బాగుచేసుకుని, కాస్త పెద్దదై మళ్ళీ తెరుచుకుంది. ఇంత ప్రయాస ఎవరి కోసమయ్యా అంటే, పందేలరాయుళ్ళ దగ్గర డబ్బు తీసుకున్నాడని ఆటలోంచి వెలేసిన మనిషి కోసం.

అలాంటి వాడికి మ్యూజియం ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా అభిప్రాయం మాత్రం, అలాంటి వాడికే ముందు కావాలి అని. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. బేస్‌బాల్ తెలియకపోయినా ఫర్లేదు, క్రికెట్ తెలిస్తే చాలు.

జోసెఫ్ జాక్సన్ సౌత్ కెరొలినా నూలుమిల్లు కార్మికుల కొడుకు. ఆరేడేళ్ళ వయసుకే గ్రీన్‌విల్‌లోని బ్రాండన్ మిల్లులో పనికెళ్ళాడు. బడికి వెళ్ళింది లేదు, చదవడం రాయడం రాదు. పదమూడేళ్ళకి మిల్లు టీములో పెద్దవాళ్ళతో ఆడేవాడు. ఒకసారి కొత్త బూట్లు కరిచి పొక్కులొస్తే వాటిని విప్పేసి బ్యాటింగ్ చేశాడు. అంతే, జీవితాంతం "బూట్లు లేని జో" అయిపోయాడు. ఒక్క రోజు ముచ్చట ఇంటిపేరులా అతుక్కుపోవడం మనకి తెలియనిది కాదుగా :)

పెద్ద లీగుల్లో అతని బ్యాటింగ్ సగటు 0.356. అంటే లెక్కలోకొచ్చే వెయ్యి అవకాశాల్లో 356 సార్లు హిట్ కొట్టాడన్నమాట. ఈ ఆటలో 300 దాటితేనే గొప్ప. మొదటి పూర్తి సీజన్ 1911లో 0.408 కొట్టాడు. అయినా ఆ ఏడు బ్యాటింగ్ టైటిల్ రాలేదు, ఎందుకంటే టై కాబ్ 0.420 కొట్టాడు. దురదృష్టం అప్పుడే పలకరించింది అనుకోవాలి.

ఇహ అసలు గొడవ. 1919 వరల్డ్ సిరీస్‌లో జాక్సన్ ఆడే చికాగో వైట్ సాక్స్, సిన్సినాటి రెడ్స్ చేతిలో 5–3 తేడాతో ఓడిపోయింది. జూదగాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని ఓడారని ఎనిమిదిమంది ఆటగాళ్ళ మీద ఆరోపణ. జాక్సన్ 1920 సెప్టెంబర్ 28న గ్రాండ్ జ్యూరీ ముందు, తనకి 20,000 డాలర్లు ఇస్తామన్నారని, 5,000 ముట్టాయని చెప్పాడు. అప్పట్లో అతని జీతం ఏడాదికి 6,000 డాలర్లు. మరోవైపు, అదే సిరీస్‌లో అతను 12 హిట్లు కొట్టాడు, సగటు 0.375, మొత్తం సిరీస్‌కి ఒకే ఒక్క హోమ్ రన్ కూడా అతనిదే. ఓడిపోవడానికి డబ్బు తీసుకున్నవాడు అలా ఆడతాడా అని అభిమానులు అడుగుతారు. డబ్బు తీసుకున్నాక ఎలా ఆడితే ఏంటి అని అవతలివాళ్ళు అడుగుతారు. నూరేళ్ళుగా ఇదే వాదన. రెండు పక్షాల దగ్గరా అంకెలున్నాయి. అంకెలున్నంత మాత్రాన వాదనలు తెగవని మన రివ్యూ మీటింగులు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

1921 ఆగస్టు 2న చికాగో కోర్టులో జ్యూరీ ఆటగాళ్ళందరినీ నిర్దోషులని వదిలేసింది. మర్నాడే, ఆగస్టు 3న, బేస్‌బాల్ కమిషనర్ లాండిస్, జ్యూరీ ఏం చెప్పినా సరే వీళ్ళెవరూ ఇక ఆడటానికి వీల్లేదని తేల్చేశాడు. అప్పటికి అంతకు ముందు సంవత్సరం, అంటే 1920లో, జాక్సన్ 0.382 కొట్టి ఉన్నాడు. ఫామ్‌లో ఉండగా కెరీర్ అక్కడితో ఆగిపోయింది.

నాకు లాండిస్ మీద పెద్ద కోపం లేదు. జూదం ఆటని తినేస్తున్న రోజులవి, ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. నా పేచీ "శాశ్వతం" అనే మాటతో. మనం రోజూ చేసే పనితో పోలిస్తే, ఇది ఒక టేబుల్‌లో ఎవడి పేరు పక్కనో ఒక ఫ్లాగ్ పెట్టడం లాంటిది. ఫ్లాగ్ పెట్టడానికి ఒక్క మనిషి సంతకం చాలు. తియ్యడానికి స్క్రీనే లేదు. ఎప్పుడు మళ్ళీ చూడాలో తేదీ లేదు. అలాంటి డిజైన్ ఎవడైనా తెస్తే మనం ఊరుకుంటామా? మనుషుల విషయంలో మాత్రం ఊరుకుంటాం, "కఠినంగా ఉండాలి కదండీ" అంటాం.

ఆ ఫ్లాగ్ తీసింది ఎప్పుడో తెలుసా? 2025 మే 13న. కమిషనర్ మాన్‌ఫ్రెడ్, శాశ్వత నిషేధం మనిషి చనిపోవడంతో ముగుస్తుందని చెప్పి పీట్ రోజ్, జాక్సన్‌లతో సహా 17 మందిని ఆ జాబితాలోంచి తీసేశాడు. చనిపోయినవాడు ఆటకి హాని చెయ్యలేడు అన్నది తర్కం. బాగానే ఉంది. కానీ జాక్సన్ చనిపోయింది 1951 డిసెంబర్ 5న. ఈ చిన్న సంగతి గ్రహించడానికి ఆఫీసుకి 73 ఏళ్ళు పైనే పట్టింది.

ఇక్కడ హైదరాబాద్ వాళ్ళకి ఠక్కున ఒక పేరు గుర్తొస్తుంది. అజారుద్దీన్. 99 టెస్టులాడిన మనిషికి 2000 డిసెంబర్‌లో బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది. 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. అజార్ తప్పు చేశాడా లేదా అని మనవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటారు, ఆ గొడవ నాకొద్దు. నేను చూసేది తేడా. ఇక్కడ బోర్డు నిర్ణయాన్ని కోర్టులో నిలబెట్టి అడగడానికి ఒక దారి ఉంది. పన్నెండేళ్ళు పట్టింది గానీ, మనిషి బతికుండగానే జవాబొచ్చింది. జాక్సన్‌కి ఆటలోకి తిరిగొచ్చే దారే లేకుండా పోయింది. బాకీ జీతం కోసం 1924లో మిల్వాకీలో దావా వేశాడు. అందులో అతని వాదన ఏంటంటే, తను చదవలేని కాంట్రాక్టులో ఒక షరతు లేదని నమ్మించి సంతకం పెట్టించుకున్నారని. జ్యూరీ అతని పక్షాన తీర్పిచ్చింది. జడ్జి దాన్ని కొట్టేశాడు, గ్రాండ్ జ్యూరీ దగ్గర చెప్పినదానికీ ఇక్కడ చెప్పినదానికీ పొంతన లేదని. నిజమే, పొంతన లేదు. అది కూడా దాచకూడదు.

ఆ తర్వాత జాక్సన్ ఏమయ్యాడు? సినిమాల్లో అయితే మొక్కజొన్న చేలోంచి నడిచొస్తాడు. 1989 నాటి "ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్" చూసినవాళ్ళకి తెలుసు. (ఎడమచేతి వాటం బ్యాట్స్‌మన్‌ని ఆ సినిమాలో కుడిచేత్తో ఆడించారు. మనలాంటి తప్పులు పట్టే జనానికి పండగే.) నిజంగా అయితే సొంత రాష్ట్రానికి తిరిగొచ్చాడు, చివరి ఏళ్ళలో గ్రీన్‌విల్‌లో భార్య కేటీతో కలిసి మద్యం దుకాణం నడిపాడు, ఈస్ట్ విల్బర్న్‌లో 119 నంబరు ఇంట్లో ఉన్నాడు. ఆ ఇంట్లోనే పోయాడు. ఇప్పుడు మ్యూజియం అయింది ఆ ఇల్లే.

2006లో ఆ ఇంటిని ఎత్తి ఊరవతలి పాత చోటు నుంచి కొత్త మైదానం ఎదురుగా తెచ్చి పెట్టారు. 2008 జూన్‌లో మ్యూజియంగా తెరిచారు. ఇంటికి కొత్త నంబరు 356 ఫీల్డ్ స్ట్రీట్, అతని సగటే. చాలా ఏళ్ళు వాలంటీర్లే నడిపారు, శనివారాలు మాత్రం కాసేపు తెరిచేవాళ్ళు. 2020 ప్రాంతంలో పక్కన అపార్ట్‌మెంట్లు కట్టడానికి ఇంటిని మళ్ళీ కొద్ది దూరం జరపాల్సొచ్చింది. దాన్ని అవకాశంగా తీసుకుని ఇంటికి కొత్త గదులు కలిపి మళ్ళీ తెరిచారు. ఆ అపార్ట్‌మెంట్లకి పెట్టిన పేరులో కూడా జాక్సనే ఉన్నాడు, 1911 నాటి 408తో సహా!

దీని మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. పునాది వదిలేసి, వీధి వదిలేసి, ఇరుగుపొరుగు వదిలేసి వచ్చిన ఇల్లు ఇంకా ఆ ఇల్లేనా? పైగా కొత్త గదులు కలిపితే? పాత ఇళ్ళని కాపాడేవాళ్ళు ఉన్నచోటే ఉంచమంటారు, అందులో అర్థముంది. ఇల్లంటే గోడలు మాత్రమే కాదు. కిటికీలోంచి ఏం కనబడేదో కూడా ఇల్లే. ఆ కిటికీలోంచి జాక్సన్‌కి మైదానం కనబడలేదు. ఇప్పుడు కనబడుతుంది. చూడ్డానికొచ్చేవాడికి అది తీయగా ఉంటుంది గానీ, అబద్ధం. ముప్ఫై ఏళ్ళు మైదానానికి దూరంగా ఉంచిన మనిషి ఇంటిని మైదానం గుమ్మంలో పెట్టడం ఒకరకంగా అతని శిక్షని చెరిపెయ్యడమే.

అయినా నేను ఆ తరలింపు వైపే ఉంటాను. ఎందుకంటే ఇలాంటి ఇల్లు ఉన్నచోటే, ఉన్నట్టే ఉండిపోతుందన్న భరోసా ఎక్కడా లేదు. సామాన్యుడి ఇల్లు, చుట్టూ పాలరాతి స్తంభాలేం లేవు, ప్రభుత్వం వచ్చి కాపాడే రకం కాదు. పాత సర్వర్ నుంచి డేటా తరలించేటప్పుడు మనం పట్టుబట్టేది ఒక్కటే: ఎక్కడినుంచి వచ్చిందో, ఏం మారిందో రాసిపెట్టాలి. ఇంటికీ అంతే. గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టి, "ఈ ఇల్లు మొదట ఫలానా చోట ఉండేది, ఈ గది పాతది, ఆ గది కొత్తది, ఈ కిటికీలోంచి అప్పుడు మైదానం కనబడేది కాదు" అని చెప్తే చాలు. కొత్త పెయింట్ వేసి పాతదని నమ్మించడమే తప్పు, మరమ్మతు తప్పు కాదు.

రెండో మాట మరీ ముఖ్యం. ఇన్నాళ్ళూ ఈ మ్యూజియం, ఆ చుట్టూ ఉన్న అభిమానులు ఒక లాయరు పని చేశారు. జాక్సన్ పేరు కడగాలి, హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టాలి. నిషేధంలో ఉన్నవాళ్ళని పరిశీలించకూడదని హాల్ ఆఫ్ ఫేమ్ 1991లో నియమం పెట్టుకుంది, 2025తో ఆ అడ్డం పోయింది. 2027 డిసెంబర్‌లో కూర్చునే కమిటీ ముందుకి అతని పేరు రావచ్చని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇక ఆ పని కమిటీది. ఇల్లు లాయరు కోటు విప్పెయ్యొచ్చు.

విప్పేసి ఏం చెయ్యాలి? 0.375, 5,000 డాలర్లు – రెండింటినీ ఒకే గదిలో, ఒకే సైజు అక్షరాలతో పెట్టాలి. పక్కనే మిల్లు పిల్లాడి కథ పెట్టాలి. ఆరేడేళ్ళకే పనికి పంపి, అక్షరం నేర్పకుండా, ఆటకి మాత్రం పనికొస్తాడని వాడుకున్న వ్యవస్థ ఏంటో చెప్పాలి. అతని సంతకం అంత అరుదు ఎందుకైందో చెప్పాలి: అభిమానులకిచ్చే సంతకాలు ఎక్కువగా కేటీ పెట్టేది. జాక్సన్ వాడిన "బ్లాక్ బెట్సీ" బ్యాట్ 2001లో 5,77,610 డాలర్లకి అమ్ముడుపోయింది. ఏ 5,000 డాలర్ల కోసం బతుకు పోయిందో, దానికి నూరు రెట్లు పైన. ఈ రెండంకెలు పక్కపక్కన చూసిన పిల్లలకి వేరే నీతులు చెప్పక్కర్లేదు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టే ఫలకం ఇదంతా చెప్పలేదు. దాని మీద పేరు, సగటు, రెండు పొగడ్తలు పడతాయి. వెలి పడ్డ మనిషి తర్వాత ముప్ఫై ఏళ్ళు ఎలా బతికాడన్నది ఇల్లే చెప్పగలదు. రాజభవనం కాదు, పూరిపాక కూడా కాదు. మామూలుగా బతికాడు, దుకాణం తెరిచాడు, మూశాడు, భార్యతో భోంచేశాడు. ఊళ్ళోవాళ్ళు అతన్ని వెలెయ్యలేదు.

మన దగ్గర ఇలాంటివి పెట్టేటప్పుడు అయితే దేవుణ్ణి చేస్తాం, లేకపోతే పేరే ఎత్తం. గొప్పవాడి ఇల్లంటే ఒక విగ్రహం, ఒక దండ, తాళం. తప్పు చేసినవాడైతే ఇల్లు ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు. తప్పూ గొప్పా ఒకే మనిషిలో ఉంటే ఏం చెయ్యాలో మనకి అలవాటు లేదు. అందుకే ఈ చిన్న ఇల్లు నాకు నచ్చింది.

షార్లెట్ నుంచి గ్రీన్‌విల్ సుమారు 100 మైళ్ళు, అట్లాంటా నుంచి 150. ఈసారి అటు వెళ్తే జలపాతం దగ్గర ఫొటోలయ్యాక ఒక గంట దీనికి కేటాయించండి. తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోండి. చూసొచ్చాక, 5,000 డాలర్ల సంగతి వాళ్ళు ఏ గోడ మీద, ఎంత సైజులో పెట్టారో నాకు చెప్పండి. నా అభిప్రాయం మార్చుకోవాలో వద్దో దాన్నిబట్టి చూద్దాం.