మొటిమలూ, కొవ్వు రేణువులూ

"రాసుకుంటే మొహం మండుతోంది, మానేస్తే మొటిమలు మళ్ళీ వస్తున్నాయి, యేం చెయ్యమంటారు?" అని అడిగే అమ్మాయిలు నాకు చాలామంది తగులుతున్నారు. వొకమ్మాయి కాలేజీకి వెళ్ళడమే మానేసింది. ఆమె తల్లికి పెళ్ళిచూపుల బెంగ.

మొటిమ పుట్టేది చర్మంపైన కాదు. వెంట్రుక మొదట్లో వుండే సన్నని గుంటలో జిడ్డూ, మృతకణాలూ చేరి దాని మూతి మూసుకుపోతే మొటిమ తయారవుతుంది. మందు చేరవలసింది అక్కడికి. కాని చర్మం పైపొర వూరికే దారి యివ్వదు. మొహంమీద అది మిల్లీమీటరులో యాభయ్యో వంతైనా వుండదు గాని, చచ్చిన కణాలను ఇటుకల్లా పేర్చి, మధ్య కొవ్వును సున్నంలా మెత్తిన గోడ అది!

విటమిన్ 'ఏ' కుటుంబానికి చెందిన ట్రెటినాయిన్ మొటిమలకు పనిచేస్తుందని 1969లో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్మన్, ఆయన సహచరులు ప్రకటించారు. (ఆ పెద్దమనిషి ఫిలడెల్ఫియా జైల్లో ఖైదీలమీద యేళ్ళ తరబడి చర్మప్రయోగాలు చేశాడు. ఆ సంగతి తలచుకుంటే మాత్రం మెచ్చుకోబుద్ధి కాదు.) మందు మంచిదే. కాని చర్మాన్ని మండిస్తుంది, పొట్టు లేపుతుంది, వెలుతురు తగిలితే చెడుతుంది. అందుకే రాత్రిపూట రాసుకోమంటారు.

1990 తర్వాత జర్మనీలో, ఇటలీలో శాస్త్రజ్ఞులు వొక వుపాయం పట్టారు. వొంటి వేడికి కరగని కొవ్వును అతి సన్నని రేణువులుగా చేసి, బూరెలో పూర్ణంలా మందును అందులో యిమిడ్చారు. మన వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లయితే, యీ రేణువులు చాలావరకు కొన్ని వందల నానోమీటర్లే. ఆ రేణువే చర్మాన్ని చీల్చుకుని పోతుందనుకోకండి. వెంట్రుక గుంటలో చేరి కూర్చుంటుంది, మందు కొంచెం కొంచెంగా వూరుతుంది. వొక్కసారి మీద పడదు కనుక మంట తగ్గుతుందని ఆశ. కొవ్వు పలచని పొరలా పరుచుకుని తేమను కూడా నిలుపుతుంది.

అయితే, యీ ప్రయోగాల్లో చాలా భాగం ప్రయోగశాలల్లో, ఎలుకల చర్మంమీద జరిగినవే. ట్యూబుమీద 'నానో' అని కనిపించగానే రెట్టింపు ధర పోసి కొనకండి. ఏ మందు, యెంత పాలు అన్నది చర్మవైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. ట్రెటినాయిన్ అయితే మొహమంతటికీ బఠాణీ గింజంత చాలు. గర్భిణులు వాడకూడదు. పొరుగింటావిడ యిచ్చిన 'తెల్లబరిచే' క్రీములో బెటామెథసోన్ వంటి స్టెరాయిడ్ వుంటే, దానివల్లనే కొత్త మొటిమలు పుడతాయి!

ఇక ఆ తల్లికి నేను చెప్పింది: పెళ్ళిచూపులు వచ్చేవారమే అయితే యే రేణువూ ఆ వేళకు అందదు. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అమ్మాయిని మాత్రం రేపే కాలేజీకి పంపండి.